మూడో దెబ్బకి పాట

అయ్యగారి ఫోను వచ్చేసరికి క్రిస్టినా చేతులు రెండూ దోసెల పిండిలో ఉన్నాయి. మోచేత్తో నొక్కబోయి కుదరక, ఫిన్నీ వైపు చూసింది. అతను దిద్దుతున్న లెక్కల పేపర్లు వదిలేసి పరుగున వచ్చి, ఫోను ఆమె చెవికి ఆనించి పట్టుకుని, తన చెవి కూడా దానికే ఆనించాడు. ఒక్క ఫోనుకి రెండు తలకాయలు. వాళ్ళ పెళ్ళి వేసవిలో అయింది. ఆమె గోళ్ళ చివర పెళ్ళినాటి గోరింట సన్నని నెలవంకలా ఇంకా మిగిలే ఉంది.

అయ్యగారంటే వాళ్ళ చర్చి పాస్టరుగారు. ఆయన చెప్పింది రెండు ముక్కలే. కమిటీ ఒప్పుకుంది. ఆదివారం కోత పండుగకి పందిట్లో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా యెహెజ్కేలు మాస్టారి క్వయర్ పాటలే వేస్తారు.

క్రిస్టినా "వందనాలండి అయ్యగారూ, వందనాలండి" అని నాలుగైదుసార్లు అనేసి, ఫోను పెట్టగానే పిండి చేతులతోనే ఫిన్నీ మెడ పట్టుకుంది. హాల్లో అత్తగారు సంపూర్ణమ్మ తల తిప్పేసుకుని, గోడమీద కేలండర్‌లో ఆ రోజు వాక్యం చాలా శ్రద్ధగా చదివింది. చొక్కా కాలరుకి పిండి అంటుకున్న సంగతి ఫిన్నీ సాయంత్రం దాకా చూసుకోలేదు. ఎవరూ చెప్పలేదు కూడా.

ఇంత సంబరం ఎందుకో తెలియాలంటే నిరుటి కోత పండుగ సంగతి చెప్పుకోవాలి. అప్పటికి క్రిస్టినా ఈ ఇంటికి రాలేదు. రాజమండ్రిలో బీఎస్సీ ఎలక్ట్రానిక్స్ చివరి సంవత్సరం చదువుతోంది. నిశ్చితార్థమయ్యాక ఫోన్లో ఫిన్నీయే చెప్పాడు.

ఆమె మామగారు యెహెజ్కేలు మాస్టారు సామర్లకోటలో మిషన్ స్కూలు పంతులుగా చేసి రిటైరయ్యారు. చర్చి క్వయర్‌ని, అంటే పాటల బృందాన్ని, నడిపించింది మాత్రం అంతకన్నా ఎక్కువ కాలం. ఆ పాటలన్నీ ఆయన దగ్గర భద్రంగా ఉన్నాయి. బెంచీ మీద టేప్ రికార్డర్ పెట్టి పట్టిన క్యాసెట్లు, క్రిస్మస్ నాటకాల వీడియో టేపులు, తర్వాత సీడీలు, ఆ తర్వాత ఎవరెవరి ఫోన్లలోనో తీసిన వీడియోలు. అన్నిటినీ ఫిన్నీ ఓపిగ్గా కంప్యూటర్‌లోకి ఎక్కించి ఒక హార్డ్ డిస్క్‌లో పెట్టిచ్చాడు. నిరుడు పండుగకి దాన్ని పందిట్లో మొదటిసారి పెట్టారు.

కోత పండుగంటే ఆరాధన అయ్యాక వేలం పాట ఉంటుంది. సంఘస్తులు తమ తొలిపంటలో భాగంగా తెచ్చిన గుమ్మడికాయలు, అరటి గెలలు, కొబ్బరికాయలు, కోళ్ళు, అన్నీ అక్కడే పాడుకుంటారు. తర్వాత ప్రేమవిందు, అంటే సంఘమంతా ఒకచోట కూర్చుని తినే భోజనం. నిరుడు వేలం సాగుతుండగా క్యాసెట్ కాలం నాటి పాట ఒకటి వచ్చింది. దోమ చెవి దగ్గర పాడినట్టుంది. "మాస్టారూ, వినపడట్లేదండీ" అని ఆడవాళ్ళు కేకేశారు. మాస్టారు యాంప్లిఫైయర్ మీట తిప్పి చప్పుడు పెంచారు. ఆ పాట అయిపోయి ఫోన్లో తీసిన క్రిస్మస్ ఊరేగింపు వచ్చిపడింది. డప్పులతో సహా. పందిరి గుంజలు అదిరాయి. వేలంలో ఉన్న పెట్ట, పట్టుకున్న వాళ్ళ చేతుల్లోంచి ఎగిరి కొబ్బరి మట్టల మీదుగా రైల్వే క్వార్టర్ల వైపు పోయింది. మాస్టారు తగ్గించారు. మళ్ళీ క్యాసెట్ పాట. మళ్ళీ కేకలు. ఆ రోజంతా ఆయన యాంప్లిఫైయర్ దగ్గర మీట మీద చెయ్యి వేసి నిలబడే ఉన్నారు. భోజనానికి కూర్చోలేదు. చివరికి కమిటీ సెక్రటరీ ఉదయ్‌కుమార్ వచ్చి, చాలా మర్యాదగానే, తీగ పీకేసి తన ఫోన్లో పాటలు పెట్టాడు.

ఆ మర్నాటి నుంచి మాస్టారు ఇంట్లో కూడా ఆ పాటలు పెట్టలేదు. హార్డ్ డిస్క్‌ని చేతిరుమాల్లో చుట్టి బీరువాలో ఇస్త్రీ పంచెల మధ్య పెట్టేశారు. క్వయర్ ఊసెత్తితే ఆయన మొక్కల దగ్గరికి వెళ్ళిపోయేవారు. ఆ పాటలు మళ్ళీ నలుగురి చెవినా పడాలన్నది క్రిస్టినా కోరిక. వాటి వాల్యూమ్ అంతా సమం చేసి ఇస్తానని కమిటీకి కబురు పంపింది ఆమే. మామగారికి చెప్పకుండా పంపింది. ఇప్పుడు చెప్పాలి.

చెప్పింది. ఆయన విని, చదువుతున్న పేపరు నాలుగు మడతలు పెట్టి, గదిలోకి వెళ్ళారు. కాసేపటికి చేతిరుమాలు మూట తెచ్చి ఆమె చేతిలో పెట్టారు.

"పోతే మళ్ళీ రావమ్మా ఇవి" అన్నారు. అంతే.

ఉదయ్‌కుమార్ ఒక షరతు పెట్టాడని అయ్యగారు మర్నాడు చెప్పారు. ఒక్కసారి చప్పుడు ఎగిరినా, ఒక్కసారి పడిపోయినా, తీగ పీకేసి తన పాటలు పెడతాడట. ఈసారి కోళ్ళని కూడా కాళ్ళు కట్టి తెమ్మని అందరికీ చెప్పాడట.

క్రిస్టినా ముందు చేసిన పని డిస్క్ మొత్తానికీ ఒక నకలు తీసి పక్కన పెట్టడం. అసలు దాన్ని ముట్టుకోనని తనకి తానే ఒట్టు పెట్టుకుంది. తర్వాత నకలు ముందేసుకుని కూర్చుంది. పాటలకి వాల్యూమ్ సరిచేసే ప్రోగ్రాం ఒకటి ఆమెకి కాలేజీ రోజుల నుంచీ తెలుసు. ప్రతి ఫైల్లోనూ అన్నిటికన్నా ఎత్తయిన చప్పుడు ఎక్కడుందో అది వెతుకుతుంది. ఆ ఎత్తుని అన్ని పాటల్లోనూ ఒకే గీతకి తెస్తుంది. నెమ్మదిగా ఉన్నది పెరుగుతుంది, అరిచేది తగ్గుతుంది. వినడానికి ఎంత న్యాయంగా ఉంది! నొక్కేసి, వంకాయలు తరుక్కుంటూ కూర్చుంది.

ఆ నకల్లోకి వాళ్ళ పెళ్ళి వీడియోని కూడా తనే చేర్చింది. కొడుకు పెళ్ళి కదా అని మాస్టారు కాదనలేకపోయారు; ఆయన క్వయర్ చివరిసారి పాడింది అందులోనే. వీడియో తీసినాయన మిక్సర్‌లోంచి తీగ నేరుగా లాగాడేమో, అన్నిటిలోకీ గట్టిది అదే. స్కూలు నుంచి వచ్చిన ఫిన్నీకి ఆ సంగతి చెబితే, "మన పెళ్ళినే తగ్గించాలంటావా?" అన్నాడు దిగులు మొహం పెట్టి.

"ఊరందరి కోసం త్యాగం చెయ్యండి" అంది. ఇంట్లో మాత్రం అసలు గోలతోనే చూసుకుందామని ఇద్దరూ ఒప్పందానికి వచ్చారు.

అంతా అయ్యాక విని చూస్తే ఏమీ మారలేదు. పెళ్ళి వీడియో కాస్త తగ్గింది గానీ, క్యాసెట్ పాటలు ఎక్కడివక్కడే, దోమ పాటల్లాగే ఉన్నాయి. ప్రోగ్రాం మాత్రం అన్నీ సమానమేనని పచ్చటి గుర్తులు చూపిస్తోంది. క్రిస్టినా ముక్కు చిట్లించింది.

తప్పంతా రైళ్ళదేనన్నాడు ఫిన్నీ. జంక్షన్ పక్క చర్చిలో పట్టిన పాటలో రైలు కూత లేకుండా ఎలా ఉంటుంది? ఆ కూతని చూసి పాట అదేననుకుని ఉంటుంది ప్రోగ్రాం. అతని మాటలో సగం నిజమే అయింది. పాట చప్పుడుని గీతల్లో చూపించే బొమ్మని తెరమీద పెద్దది చేసి చూస్తే, రైలు కాదు గానీ, మొదట్లోనే మూడు గీతలు నిలువుగా లేచి ఉన్నాయి. మూడు తాటిచెట్లు, ఆ పక్కనంతా కోసిన వరిచేలో దుబ్బుల్లా పొట్టిగా పాట. ఇంకోటి తెరిచింది. మూడు తాటిచెట్లు. ఇంకోటి. అవే మూడు.

"ఏంటండీ ఇవి?" అంది.

ఫిన్నీ ఒకటి విని, నుదుటి మీద అరచేత్తో కొట్టుకున్నాడు. టక్. టక్. టక్.

మాస్టారి రూళ్ళకర్ర. బడిలో గీతలు గీయడానికి వాడిన నల్లటి గుండ్రటి కర్ర అది. పాట మొదలయ్యే ముందు దానితో హార్మోనియం పెట్టె మూత మీద మూడు దెబ్బలు కొట్టడం ఆయన అలవాటు. పక్కనే టేప్ రికార్డర్. కర్ర దెబ్బ దాని చెవిలో పడితే, పాట వెనకెక్కడో బెంచీల దగ్గర పుట్టింది. నెత్తిన గంప పెట్టుకున్న మనిషిని గంపతో సహా ఎత్తు కొలిచినట్టు, ప్రోగ్రాం ఆ దెబ్బని కొలిచి పాట ఎత్తుగానే ఉందనుకుంది. ఇక పెంచుతుందా?

ఇద్దరూ మంచం మీద దొర్లి నవ్వారు. కారణం దొరకడం కూడా ఒక పండగే. గంప దించేస్తే సరిపోతుందని ఫిన్నీ అన్నాడు. క్రిస్టినా ఒక్కో పాట తెరిచి ఆ మూడు దెబ్బలూ కత్తిరించేసింది. మొదట్లో ఒక్కోదానికి చాలాసేపు పట్టింది. తర్వాత చెయ్యి తిరిగింది. మర్నాడు ఫిన్నీ బడి నుంచి వచ్చేసరికి అన్నీ కత్తిరించి, మళ్ళీ కొలిచి, సమం చేసి పెట్టింది. క్యాసెట్ పాటలు గబుక్కున దగ్గరికి వచ్చినట్టు లేచాయి. ఎప్పుడో ఆమె పుట్టక ముందు పాడిన గొంతులు, పక్కగదిలో పాడినంత స్పష్టంగా. అందులో ఒక పైస్థాయి గొంతు వింటే ఒళ్ళు జల్లుమంది. అది వంటింట్లో పులుసు రుచి చూస్తున్న అత్తగారిదేనని తెలిసి నోరు తెరిచేసింది. ఇంత గొంతు పెట్టుకుని ఈవిడ ఇన్నాళ్ళూ పాలవాడితో బేరాలాడడానికి వాడుతోందా అనుకుంది.

శుక్రవారం సాయంత్రం పరీక్ష పెట్టింది. వెనక వీధి పాపాయమ్మగారిని కూడా పిలిచింది. ఆవిడా క్వయర్ మనిషే. సంపూర్ణమ్మ పైస్థాయి పాడితే, ఈవిడ కిందిస్థాయి. హాల్లో టీవీకి నకలున్న డిస్క్ తగిలించి, రిమోటు తెచ్చి అందరి ముందూ అల్మారా పైన పెట్టేసింది. దాన్ని ముట్టుకునే పని ఉండదన్న ధీమా అది. మాస్టారు పడక్కుర్చీలో, కళ్ళు మూసుకుని కూర్చున్నారు.

పాట వచ్చింది. బ్రహ్మాండంగా వచ్చింది. ఆడవాళ్ళిద్దరూ అందుకోబోయారు. సంపూర్ణమ్మ ఒక మాట వెనక, పాపాయమ్మ రెండు మాటలు వెనక. ఒకరి మొహం ఒకరు చూసుకుని ఆగిపోయారు. రెండో పాటకి ముందే సర్దుకుని కూర్చున్నారు. ఈసారి పాపాయమ్మ మరీ ముందు ఎత్తుకుంది, గాలిలో ఒంటరిగా. మూడోదానికి ఇద్దరూ ప్రయత్నించనే లేదు. చప్పుడు సమంగానే ఉంది, పొరపాటు ఎక్కడా లేదు. కానీ హాల్లో ఏదో ఇంకిపోయినట్టయింది. మాస్టారు లేచి, చెంబు తీసుకుని మొక్కల దగ్గరికి వెళ్ళిపోయారు. వాటికి సంపూర్ణమ్మ అప్పుడే నీళ్ళు పోసింది.

క్రిస్టినా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తన తప్పేంటో తెలియకపోవడమే ఎక్కువ బాధగా ఉంది.

పాపాయమ్మ ఆమె చేతిమీద చెయ్యి వేసింది. "బాగుందే తల్లీ. గాజుల గలగల కూడా వినపడింది. కానీ కర్రేదే?"

"గోలగా ఉందని తీసేశానండీ."

"అయ్యో" అని ఆవిడ సంపూర్ణమ్మ వైపు చూసింది, ఈ పిల్లకి నువ్వు చెప్పు అన్నట్టు.

సంపూర్ణమ్మ చెప్పింది. మొదటి దెబ్బకి నోరు మూసుకోవాలి. రెండో దెబ్బకి ఊపిరి తీసుకోవాలి. మూడో దెబ్బకి పాట. మధ్యలో ఎంత ఎడముందో పాట అంత నడక నడవాలి. మాస్టారు ఏనాడూ చేతులు ఊపి పాట నడిపించలేదు. ఆ మూడు దెబ్బల్లోనే అంతా చెప్పేసేవారు. "మాకు రాగాలూ గీగాలూ ఏం తెలుసమ్మా. ఆ దెబ్బ వినపడకపోతే ఊపిరెక్కడ తీసుకోవాలో తెలీదు."

మర్నాడు రెండో శనివారం, ఫిన్నీకి సెలవు. క్రిస్టినా కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని, ముట్టుకోనని ఒట్టేసిన అసలు డిస్క్‌ని తెరిచింది. పాటలు వినలేదు, కర్ర దెబ్బలే విన్నది. ఒకదాని తర్వాత ఒకటి. మూడేసి. వినగా వినగా, అవి ఒకేలా లేవని తెలిసింది. కొన్ని గబగబా, గుమ్మంలో బంధువులు తలుపు తట్టినట్టు. కొన్ని ఎడంగా, తడి నేలమీద ఎవరో ఆచితూచి నడిచినట్టు. కొన్నిట్లో మూడోది కాస్త మెత్తగా పడింది, పాడేవాళ్ళని నెమ్మదిగా ఎత్తుకోమన్నట్టు.

ఫిన్నీని పిలిచి, పాట వినిపించకుండా దెబ్బలొక్కటే వినిపించింది. "ఏ పాటో చెప్పండి చూద్దాం."

"మట్టల ఆదివారంది" అన్నాడు అతను పళ్ళు తోముకుంటూనే.

నిజమే. ఇంకోటి. "క్రిస్మస్ ఊరేగింపు." ఇంకోటి. "శుభశుక్రవారం. అది రాగానే నాకు ఆకలేసేది, ఉపవాసం కదా." ఒక్కటీ తప్పలేదు. తనకి తెలుసని అతనికే తెలియదు. చిన్నప్పుడు హార్మోనియం పెట్టె కింద పడుకుని నిద్రపోయినవాడు, ఆ దెబ్బలు నెత్తిమీదే కదా పడ్డాయి. క్రిస్టినా అతన్ని చూస్తూ ఉండిపోయింది. నురగ గడ్డానికి కారుతున్నా అందంగానే ఉన్నాడు. తర్వాత ఆలోచన మామగారి మీదకి పోయింది. పాట ఎంత పొడుగో, ఎంత బరువో, ఎక్కడ నవ్వాలో ఎక్కడ తల వంచాలో, అంతా మూడు చప్పుళ్ళలో ముడివేసి ఇచ్చిన మనిషి. ముప్పయ్యేళ్ళ పైచిలుకు ఏ ఒక్క పాటకీ ముడి తప్పు వెయ్యలేదు. ఇలాంటి మనిషి ఇంట్లో తను కోడలు. ఆమెకి ఉన్నట్టుండి ఎవరికైనా ఫోన్ చేసి ఈ సంగతి చెప్పాలనిపించింది. రాజమండ్రిలో అమ్మకి చేసి చెప్పింది కూడా. అమ్మ మొత్తం విని, ఇంతకీ టిఫిన్ తిన్నావా అని అడిగింది.

దెబ్బలు ఉండాలి. కానీ అవి పాటని మింగకూడదు. ఆమె ఈసారి తొందరపడకుండా కూర్చుని చదివింది. చప్పుడుని ఎత్తుతో కాకుండా చెవికి తోచేదాన్ని బట్టి కొలిచే పద్ధతి ఒకటుంది. పాట మొత్తం మీద మనకి ఎంత గట్టిగా అనిపిస్తుందో సగటున లెక్కేస్తుంది. నడుమ వచ్చే ఒక్క చరుపునీ, ఒక్క కూతనీ చూసి మోసపోదు. దాంతో పాటలన్నిటినీ కొలిచి ఒక మట్టానికి తెచ్చింది. తాటిచెట్లకి మాత్రం పైన ఒక కప్పు వేసింది. అంతకు మించి లేవడానికి వీల్లేదు. లేచినంత మేర మెత్తగా అణిగిపోతాయి. దెబ్బ దెబ్బలాగే వినపడుతుంది, ఎడం ఎడంలాగే ఉంటుంది. చెవిలో గుచ్చుకోదు, అంతే. రైలు కూతకీ అదే కప్పు పనికొచ్చింది. ఫిన్నీ పేర్లు చదువుతుంటే ఆమె సరిచేసింది. వంటంతా ఆ రోజు అత్తగారే చేసింది. మధ్యమధ్య వచ్చి వెనక నిలబడి తన గొంతు తను విని వెళ్ళింది.

శుభశుక్రవారం పాట దగ్గర మాత్రం క్రిస్టినా చెయ్యి ఆగింది. ప్రోగ్రాం దాన్ని కూడా అన్నిటి మట్టానికి లేపింది. లెక్క ప్రకారం సరే. కానీ సిలువ దగ్గర పాడే పాట, ఊరేగింపు డప్పులతో సమానంగా నిలబడడం ఆమె మనసుకి పట్టలేదు. అడుగుదామంటే మామగారు మొక్కల దగ్గరే ఉన్నారు. తనే ధైర్యం చేసి దాన్ని కొద్దిగా, వినపడకపోయేంత కాదు, పక్కవాడితో మాటలు ఆపి చెవి ఒగ్గేంత, దించింది.

ఎండ చల్లబడ్డాక అందరూ చర్చి ఆవరణకి వెళ్ళారు. పందిరి అప్పటికే వేసి ఉంది. స్పీకర్లు గుంజలకి కట్టి, యాంప్లిఫైయర్ ఒక బల్లమీద పెట్టారు. ఉదయ్‌కుమార్ తాళాల గుత్తి తిప్పుకుంటూ ఎదురొచ్చాడు.

"మాస్టారూ, ఈసారి కోడి ఏ వైపు ఎగురుతుందండీ?"

"కాళ్ళు కట్టమన్నావు కదయ్యా. ఎక్కడికీ ఎగరదు" అన్నారు మాస్టారు నెమ్మదిగా. కానీ నేరుగా బల్ల దగ్గరికే వెళ్ళి, నిరుడు నిలబడ్డ చోటే నిలబడి, మీట మీద చెయ్యి వేశారు.

ఫిన్నీ కంప్యూటర్ తీగ కలిపాడు. క్రిస్టినా పందిరి చివర, వంటల కోసం రాళ్ళ పొయ్యిలు పేర్చిన చోటికి వెళ్ళి నిలబడింది. అక్కడికి కూడా వినపడాలి. ఆమె చూపు మాత్రం పాట మీద లేదు, మామగారి చెయ్యి మీద ఉంది.

టక్. టక్. టక్. క్యాసెట్ కాలం పాట. పందిరంతా నిండింది. పొయ్యిల దగ్గర కట్టెలు పేరుస్తున్నవాళ్ళు తలెత్తారు. చీపురు పట్టుకున్న పాపాయమ్మ రెండో దెబ్బకి ఊపిరి పీల్చి, మూడోదానికి సరిగ్గా అందుకుంది. సంపూర్ణమ్మ కూడా. వాకిట్లో మామిడాకులు గుచ్చుతున్న మరో ఇద్దరు పెద్దావిడలు ఎవరూ చెప్పకుండానే కలిశారు. పాట అయిపోవస్తుండగా మాస్టారి వేళ్ళు మీట మీద బిగిశాయి. తర్వాత వచ్చేది ఊరేగింపు, డప్పులతో. నిరుడు పెట్ట ఎగిరింది దానికే.

టక్‌టక్‌టక్. ఊరేగింపు వచ్చింది. డప్పులు డప్పుల్లాగే మోగాయి. గుంజలు అదరలేదు. ఆయన వేళ్ళు అలాగే ఉన్నాయి, తిప్పడానికి సిద్ధంగా. తిప్పాల్సిన పని రాలేదు. తర్వాత వీడియో టేపులోది. తర్వాత ఫోన్లోది. తర్వాత క్రిస్టినా పెళ్ళిది. ఆమె పందిరి చివర నిలబడి సిగ్గుపడింది. ప్రతి పాట మారే చోటా ఆయన చెయ్యి కొద్దిగా బిగిసి, కొద్దిగా వదులైంది. ఎప్పుడు జరిగిందో ఆమెకి తెలియలేదు. ఒకసారి చూసేసరికి ఆ చెయ్యి మీట మీద లేదు. బల్ల అంచు మీద వేలితో తాళం వేస్తోంది.

ఉదయ్‌కుమార్ తాళాల గుత్తి తిప్పడం ఎప్పుడో ఆపేశాడు. ఇవేమీ ఎరగనట్టు స్పీకర్ల తీగలు గట్టిగా ఉన్నాయో లేదో లాగి చూసి, "పర్లేదండీ" అన్నాడు. అతని నోట అది పెద్ద మాటే.

శుభశుక్రవారం పాట వచ్చింది. మిగతా వాటికన్నా ఒక మెట్టు కింద. ఆవరణలో మాటలు వాటంతటవే తగ్గాయి. మాస్టారు తలెత్తి, పందిరి చివరిదాకా చూసి, కోడలిని దగ్గరికి రమ్మని చెయ్యి ఊపారు.

ఆమె వచ్చి బల్ల పక్కన నిలబడింది.

"దీన్ని నువ్వు తగ్గించావా, అదే తగ్గిందా?"

"నేనే తగ్గించానండీ మావయ్యగారూ. లెక్క ప్రకారం పెరగాలి. కానీ అది అన్నిటితో సమానంగా ఉంటే బావుండదనిపించింది."

ఆయన ఆ పాట పూర్తయ్యేదాకా విన్నారు. "క్వయర్‌లో ఎవరికీ నేను ఇది నోటితో చెప్పలేదమ్మా" అన్నారు చివరికి. "వినగా పట్టుకున్నావన్నమాట."

క్రిస్టినా "కర్ర చెప్పింది కదండీ" అంది. ఆయన మీసాల కింద నవ్వు కనబడీ కనబడకుండా కదిలింది. ఫిన్నీ కంప్యూటర్ వెనక నుంచి ఆమెకి బొటనవేలు చూపించాడు. ఆమె చూడనట్టు నటించి, రెండోసారి చూసింది.

ఇంటికి బయల్దేరబోతుంటే ఉదయ్‌కుమార్ వచ్చి, రేపు మాస్టారికి బల్ల పక్కన కుర్చీ వేయించనా అని అడిగాడు. నిరుడు పాపం నిలబడే ఉన్నారు కదా అన్నాడు. మాస్టారు అడ్డంగా తలూపారు. సంపూర్ణమ్మ వైపు చూశారు. ఇన్నేళ్ళ ప్రేమవిందుల్లోనూ ఆయన క్వయర్ పనిమీదే తిరిగారు. ఆవిడ పక్కన ఆకు వేసుకుని కూర్చున్న రోజు ఒక్కటీ లేదు. ఆ సంగతి ఆవిడకి తెలుసు, ఆయనకీ తెలుసు.

"నాకు కుర్చీ వద్దయ్యా" అన్నారు. "రేపు వేలం అవగానే మొదటి పంక్తిలో కూర్చుంటాను, మీ పిన్నిగారి పక్కన. అమ్మాయ్, నువ్వు మీట నొక్కేసి వచ్చెయ్. నీకూ, వాడికీ కూడా ఆకులు పట్టి ఉంచుతాం. నలుగురం ఒక్క వరసలో తిందాం. ఆ యంత్రం దగ్గర ఎవరూ ఉండక్కర్లేదు."

"మరి కర్రో?" అంది సంపూర్ణమ్మ.

"తెస్తాను. ఆకు పక్కన పెట్టుకుంటాను."